నడవని బండికి కొత్త ఆయిల్

గేటు ముందు ట్రాలీ ఆటో ఆగగానే అక్క పరుగున ఎదురెళ్ళింది.

"వచ్చారా మేస్త్రీ గారూ, రండి. తుక్కు కొట్టు మనిషి వచ్చేలోపు మన బండి స్టార్ట్ అవ్వాలి."

ఆటో దిగిన మనిషి ఏదో చెప్పబోయాడు. అక్క వింటేగా. అప్పటికే షెడ్డు వైపు దారి తీసింది.

షెడ్డులో ఉన్నది మిలిటరీ వాళ్ళు వేలంలో వదిలించుకున్న పాత ట్రక్కు. వెనక నీళ్ళ ట్యాంకు. క్వారీ మీద ఉండేవాళ్ళకి నీళ్ళు మోసేది ఇదే. ఆ ఏటవాలు ఎక్కడం మామూలు లారీల వల్ల కాదు. నడిపేది అక్క. దాని మీదే ఆమె బతుకు.

వానల మొదట్లో ఆగిపోయింది. చూసిన ఇద్దరు మెకానిక్‌లూ చేతులెత్తేశారు.

డ్రమ్ము మీద కూర్చున్న తమ్ముడు నవ్వాడు.

"మాదొక ఒప్పందం అన్నా. బాగుచేసే మనిషిని మా అక్క పిలిచింది. కోసి పట్టుకుపోయే మనిషిని నేను పిలిచాను. ముందు ఎవరొస్తే బండి వాళ్ళది."

"ముందొచ్చింది మీరే," అంది అక్క.

అతను ట్రక్కు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఛాసిస్ మీద వేళ్ళతో కొట్టి చూశాడు. బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగాడు.

ఆయిల్ తేనె రంగులో ఉంది.

"ఎవరు మార్చారు?"

"నేనే. పోయిన నెల."

"నడవని బండికా?"

"లేచిననాడు మురికి ఆయిల్‌తో లేవకూడదు కదండీ."

అతను ఆమె వైపు చూశాడు. పుల్లని గుడ్డతో తుడిచి, జాగ్రత్తగా లోపల పెట్టాడు. ఆటో దగ్గరికి వెళ్ళి, టార్పాలిన్ పట్టా కింద ఉన్న పొడవాటిదేదో లోపలికి తోసి, తాడు గట్టిగా బిగించాడు. స్పానర్ల సంచి మాత్రం తీసుకుని తిరిగొచ్చాడు.

"ఆగేముందు ఏం చేసేది?"

"డీజిల్ పైపుల్లో గాలి తీసినప్పుడల్లా కాసేపు నడుస్తుంది. మళ్ళీ గాలి చేరి ఆగిపోతుంది. ఎక్కణ్ణుంచి దూరుతోందో ఎవరికీ అంతుపట్టలేదు."

అతను ట్రక్కు కింద వెల్లకిలా పడుకున్నాడు. వెతకలేదు. చెయ్యి తిన్నగా ఒక్కచోటికే వెళ్ళింది. అక్కడ డీజిల్ పైపుని ఛాసిస్‌కి పట్టి ఉంచే క్లిప్పు ఉంది. దాన్ని విప్పాడు.

క్లిప్పు కింద, వెంట్రుకంత చీలిక.

"ఈ రకం బళ్ళన్నిటికీ ఇక్కడే చిట్లుతుంది. పైనుంచి కనబడదు."

"మరి మీకెలా తెలుసు?"

"మొత్తం విడదీస్తే తెలుస్తుందమ్మా."

ఆటోలో ఇనుప ముక్కల కింద వెతికి, అచ్చం అలాంటి పైపే తెచ్చాడు.

"ఈ సామాను ఇప్పుడెక్కడా దొరకదన్నారే!" తమ్ముడు డ్రమ్ము దిగాడు. "ఎక్కడిదన్నా?"

"ఇలాంటి బండిదే."

"అదెక్కడుంది?"

"ఇప్పుడు లేదు."

అతని చొక్కా నిండా గుండుసూది తలకాయలంత చిల్లులు.

"చొక్కాని చీమలేమైనా కొట్టాయా అన్నా?"

"నిప్పురవ్వలు," అన్నాడు, కొత్త పైపు బిగిస్తూ.

అక్క స్పానర్లు అందిస్తూనే గేటు వైపు చూస్తోంది.

"ఆ తుక్కు వాళ్ళకి బండి కనబడదండీ. బరువే కనబడుతుంది."

"నిజమే," అన్నాడతను.

చేతిపంపు కొడుతూ గాలి తీశాడు. నురగ నురగగా వచ్చిన డీజిల్ కాసేపటికి సన్నటి తీగలా సాగింది.

అక్క స్టార్ట్ చేసింది. ఇంజన్ దగ్గి, తెల్లటి పొగ కక్కి, లేచింది. కానీ కుంటుతోంది. మడ్‌గార్డు మీద పెట్టిన టీ గ్లాసు ఆ కుదుపుకి అంచుకి జరుగుతోంది.

అతను ఒక్కో సిలిండర్‌కి వెళ్ళే పైపుని కాస్త వదులు చేసి, విని, మళ్ళీ బిగించాడు. ఒకదాన్ని వదులు చేసినా చప్పుడు మారలేదు.

"వీడే పని ఎగ్గొడుతున్నాడు."

ఇంజన్ ఆపించి ఆ నాజిల్ విప్పాడు. మసి కడిగి, చంటిబిడ్డ ముక్కు తుడిచినట్టు తుడిచాడు. టాపెట్ల సందుల్లో సన్నటి రేకు దూర్చి, ఒక్కోటీ సరిచేశాడు. బోల్టు బిగించిన ప్రతిసారీ దాని మీద ఒక క్షణం వేలు ఉంచేవాడు.

ఈసారి ఇంజన్ ఒకే ఊపున పలికింది. టీ గ్లాసు పెట్టినచోటే ఉంది.

అక్క ట్యాంకు నిండా నీళ్ళతో క్వారీ ఏటవాలు ఎక్కి, దిగి వచ్చింది. ఇంజన్ ఆపినా స్టీరింగ్ వదల్లేదు.

"ఇలాంటివి ఎన్నింటిని లేపారండీ?"

"ఇదే మొదటిది."

తమ్ముడు పగలబడి నవ్వాడు. "మెకానిక్ అన్నకి జోకులు కూడా వచ్చు."

ఎంతివ్వాలని అడిగితే, తన కొట్టు యజమానితో తను మాట్లాడుకుంటానన్నాడు. వేడెక్కిన బానెట్ మీద ఒకసారి అరచెయ్యి ఆనించి, ఆటో ఎక్కాడు. హడావిడిలో పేరు కూడా అడగలేదెవరూ.

మర్నాడు మెకానిక్‌కి మంచిమాట చెబుదామని అక్క ఫోన్ చేస్తే అతను ఎత్తలేదు. తమ్ముడు స్పీకర్ పెట్టి తుక్కు కొట్టుకి చేశాడు.

"మీ మనిషిని ఇంక పంపకండి. నిన్న ఎలాగూ రాలేదు. మా బండి లేచింది."

"రాకపోవడమేంటి బాబూ? పొద్దున్నే ఆటోలో వచ్చాడుగా," అంది అవతలి గొంతు. "సాయంత్రం గ్యాస్ కట్టర్ నా బల్ల మీద పెట్టేసి, ఇంక కోత పనికి రానని వెళ్ళిపోయాడు. ఎక్కడికో కూడా చెప్పలేదు."

ఆయిల్ పుల్ల తుడుస్తున్న అక్క చెయ్యి ఆగిపోయింది.

"మరి వాళ్ళ బండి సంగతేంట్రా అంటే, అక్కడ కోయాల్సిన బండి లేదు, నడిచే బండి ఉంది అన్నాడు."