నాంచారమ్మ కొత్త చేతులు

అరవై దాటినవాళ్లు చర్మం మార్పించుకుంటేనే పనిలోకి రానిస్తామన్న రూలు వచ్చిన నెలకి, గుంటూరు దగ్గర ఆ మిరపకాయల గోడౌన్‌లో ముడతలున్న మనిషి ఒక్కరూ మిగల్లేదు. నిన్న నాంచారమ్మ వంతు కూడా అయిపోయింది. బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. అరచేతులు పసిపిల్ల చేతుల్లా మెత్తబడ్డాయి.

పొద్దున్నే గోనెపట్టా మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీయడం మొదలుపెట్టింది. పాతిక కాయలైనా కాకముందే వేళ్లు భగ్గున మండాయి. చేసేదిలేక చేతులు మజ్జిగ గిన్నెలో ముంచి కూర్చుంది.

అప్పుడే చర్మం మార్చే శిబిరం ఆఫీసరు ఫొటో తీయడానికి వచ్చాడు. "ఇరవయ్యేళ్ల పిల్లలా ఉన్నావమ్మా! ఇంకో నలభై ఏళ్లు హాయిగా పని చేసుకోవచ్చు. ఏదీ, ఒక్కసారి నవ్వు."

"నవ్వటమేందయ్యా?" నాంచారమ్మ గొంతు లేచింది. "నలభై ఏళ్లు మండీ మండీ కాయలు కాసిన చేతులయ్యా అయ్యి. ఈ కారం ఎక్కకుండా కాసింది ఆ మొద్దుతోలే. దాన్ని ఒలిచి పారెయ్యమని నిన్నెవరడిగారు? నా చేతులు నాకు తెచ్చియ్యి!"

"అలవాటైపోతుందిలేమ్మా. నేనూ మొన్ననే చేయించుకున్నాను," అంటూ ఆఫీసరు తన నున్నటి అరచేతులు చాపి చూపించాడు.

నాంచారమ్మ పక్కకి జరిగి పట్టా మీద చోటిచ్చింది.

"అట్టయితే రా, కూర్చో. ఈ ఒక్క బుట్ట తొడిమలు తియ్యి. నువ్వు నవ్వుతా లేస్తే నేనూ నవ్వుతా ఫొటో దిగుతా."

చుట్టూ కొత్త చర్మాల ఆడవాళ్లంతా తమ తమ మజ్జిగ గిన్నెల్లోంచి చేతులు తీయకుండానే తలలెత్తి చూశారు. ఆఫీసరు బుట్టవంక చూసి, చాపిన చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు.