తిరగని కారు

పాత కార్ల యార్డుకి మీటరు కోసం వచ్చేవాళ్ళందరూ ఒకటే అడుగుతారు. తక్కువ తిరిగింది ఇమ్మంటారు. లక్ష కిలోమీటర్లు తిరిగిన కారుని ముప్ఫై వేలే తిరిగినట్టు చూపించి అమ్ముకోవాలని వాళ్ళ తాపత్రయం. ఎక్కువ తిరిగింది కావాలని వచ్చినవాడు ఇన్నేళ్ళలో ఈ గుమాస్తా ఒక్కడే.

“నలభై నాలుగు, నలభై ఐదు వేలు తిరిగిన మీటరు ఏదైనా ఉంటే చూడు బాబాయ్,” అన్నాడు గొంతు బాగా తగ్గించి. శనివారం సాయంత్రం. యార్డులో వాళ్ళిద్దరూ, చచ్చిన కార్లూ తప్ప ఎవరూ లేరు.

యార్డు యజమానిని ఆ చుట్టుపక్కల అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఆయన చేతికంటిన నూనె తుడుచుకుంటూ, “ఇదేం కోరిక నాయనా? వయసు పెంచి చెప్పుకునే పెళ్ళికొడుకుని ఇప్పుడే చూస్తున్నాను,” అన్నాడు.

గుమాస్తా నవ్వలేదు. నవ్వే పరిస్థితిలో లేడు.

మూడేళ్ళ క్రితం ఈయన ముచ్చటపడి ఒక పాత కారు కొన్నాడు. రెండో రోజే నాలుగు రోడ్ల కూడలిలో వెనక నుంచి లారీ హారను కొట్టింది. ఈయన స్టీరింగు వదిలేసి రెండు చెవులూ మూసుకున్నాడు. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు, ఈయన ధైర్యానికి తప్ప. కానీ అప్పటికే భార్య ఇంటింటికీ చెప్పేసింది, మావారు ఆఫీసుకి కార్లోనే వెళ్తారని. ఆ మాట నిలబెట్టడానికి ఈయన రోజూ పొద్దున్నే ఠీవిగా కారెక్కుతాడు. రెండు సందుల అవతలున్న ఈ యార్డు దాకా నత్తలా నడుపుకొస్తాడు. తుక్కు కార్ల మధ్య దాన్ని దాచేసి, తాళాలు బాబాయ్‌కిచ్చి, బస్సెక్కి ఆఫీసుకి పోతాడు. సాయంత్రం బస్సు దిగి, మళ్ళీ ఆ రెండు సందులూ నడుపుకుంటూ ఇంటికి చేరతాడు.

ఆదివారం ఎక్కడికైనా వెళ్దామని ఎవరైనా అంటే, వారమంతా నడిపి నడిపి చేతులు పడిపోయాయంటాడు. పాపం, ఆయనకి విశ్రాంతి కావాలని భార్య వంత పాడుతుంది. స్టీరింగుకీ గరిటెకీ తేడా తెలియని అమాయకురాలని ఈయన నమ్మకం.

“రేపు మా బావమరిది వస్తున్నాడు,” అన్నాడు గుమాస్తా. “వాడికి సొంత మెకానిక్ షెడ్డుంది. మనిషిని పలకరించే ముందు కారుని పలకరిస్తాడు. ఎక్కి కూర్చోగానే మీటరు పైకి చదువుతాడు. నిన్ననే నేనూ మొదటిసారి చూశాను. కొన్ననాటి కాగితాల్లో ఇరవై నాలుగు వేలు. ఇప్పటికీ ఇరవై నాలుగే.”

“మూడేళ్ళుగా మీటరు వైపు చూడనే లేదా?”

“కళ్ళు రోడ్డు మీంచి తీస్తే కదా బాబాయ్.”

“పోనీ, ఇంట్లో నిజం చెప్పెయ్యరాదూ?”

గుమాస్తా మొహం చిన్నదైపోయింది. “బావమరిది నవ్వితే పడతాను. మా ఆవిడ ముందు మాత్రం తలదించుకోలేను. నా గురించి ఆవిడ గొప్పగా చెప్పుకునేది ఈ ఒక్కటే.”

బాబాయ్‌కి జాలేసింది. రేకుల షెడ్డులోకి నడిచాడు. గోడ పొడుగునా అరలు. ఒక దాంట్లో పక్క అద్దాలు, ఒక దాంట్లో హారన్లు, ఒక దాంట్లో తలుపుల పిడులు. మీటర్లన్నీ పై అరలో ఉన్నాయి. ఆయన పెద్దగా వెతకలేదు. చెయ్యి పెట్టి ఒకటి తీశాడు.

“నలభై ఏడు వేలు. నీ కారు మోడలే.”

“రెండు వేలు ఎక్కువైందే.”

“చుట్టాలిళ్ళకి తిరిగావనుకో.”

ఆ మాట గుమాస్తాకి నచ్చింది. నిజంగానే తిరిగొచ్చినవాడిలా చొక్కా సర్దుకున్నాడు.

బాబాయ్ కార్లో దూరి మీటరు విప్పాడు. స్క్రూలు వెన్నలా ఊడి వచ్చాయి.

“మంచి బండి బాబాయ్. దేనికీ మొరాయించదు. పెట్రోలు కూడా తాగదు. మూడేళ్ళలో డబ్బాతో నాలుగుసార్లు పోశానంతే.”

“టైర్లు మాత్రం బాగా అరిగాయి.”

“ఎండకి అరిగుంటాయి.”

“ఎండకే అయ్యుంటుంది,” అని ఒప్పుకున్నాడు బాబాయ్. ఎందుకో ఆయనకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

పది నిమిషాల్లో పని అయిపోయింది. గుమాస్తా సీట్లో కూర్చుని, అద్దం వెనక నలభై ఏడు వేలని తనివితీరా చూసుకున్నాడు.

“అతికినట్టు సరిపోయింది. ఈ కారు కోసమే పుట్టినట్టుంది.”

“దేని చోటు దానికి రాసిపెట్టి ఉంటుంది నాయనా. ముందు రోడ్డు చూసి నడుపు.”

ఆ హెచ్చరిక అవసరమే. మూడేళ్ళలో మొదటిసారి ఈయన మీటరు చూస్తూ బండి నడిపాడు. గేటు స్తంభానికి బెత్తెడు దూరంలో ఆగి, ఏమీ జరగనట్టు చెయ్యూపి వెళ్ళిపోయాడు.

బాబాయ్ షెడ్డులోకి వచ్చి, ఇప్పుడే విప్పిన ఇరవై నాలుగు వేల మీటరుని గుడ్డతో తుడిచి, మొన్న మంగళవారం ఏ అరలోంచి తీశాడో ఆ అరలోనే పెట్టేశాడు.

ఆ మంగళవారం పొద్దున, మొగుడు బస్సెక్కిన పది నిమిషాలకి ఎప్పటిలాగే కారు తీసుకెళ్ళడానికి వచ్చిన ఆవిడ, “మా తమ్ముడు మీటరు చదివాడంటే నేనింత తిరిగానని ఆయనకి తెలిసి చిన్నబుచ్చుకుంటారు, తక్కువ తిరిగింది ఏదైనా వేసెయ్యి బాబాయ్,” అని బతిమాలితే, ఆ కారులోంచి బాబాయ్ విప్పి దాచిందే ఈ నలభై ఏడు వేల మీటరు.