చిరునామా తనిఖీ

"పాప తల్లి ఏరీ?"

పొద్దున్న ఆరుంబావుకి తలుపు తట్టి, ప్రోకాప్ అడిగిన మొదటి ప్రశ్న అది. మెడలో స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ల కార్డు వేలాడుతోంది. పోలీసు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, ఏ పిల్ల నిజంగా ఏ ఊళ్లో ఉంటోందో ఇల్లిల్లూ తిరిగి చూసే పని పట్టుకున్నాడాయన. ఆ పనికి పొద్దున్న ఆరింటిని మించిన వేళ లేదు. అబద్ధాలు అప్పటికింకా పళ్లు తోముకుని ఉండవు.

ఓడెట్ గతుక్కుమంది. "మా చెల్లెలాండీ? వృద్ధాశ్రమంలో నైట్ డ్యూటీ. వచ్చేస్తూ ఉంటుంది. కూర్చోండి, కాఫీ పెడతాను" అని వంటింట్లోకి వెళ్లి, కాఫీ సంగతి గాలికొదిలేసి చెల్లెలికి మెసేజ్ పెట్టింది.

ఆమె తిరిగొచ్చేసరికి ప్రోకాప్ జేబులోంచి కాగితం తీసి విప్పాడు.

"మా వెబ్‌సైట్‌లో ఎవరో రాశారమ్మా. పేరు పెట్టలేదు. 'ఈ ఇంట్లో పాప ఉంటుంది. వాళ్లమ్మ ఉండదు. వాళ్లమ్మ నది అవతల సిటీలో ఉంటుంది' అని. తల్లి ఈ ఊళ్లో ఉండకపోతే పాపకి ఈ ఊరి బళ్లో చోటు లేదు. మీకు తెలియంది కాదు."

"ఇంకెవరు, ఎదురింటావిడే! చెత్తడబ్బా ఒక పూట ముందు బయట పెట్టానని మునిసిపాలిటీకి ఫోన్ చేసిన మహాతల్లి!"

"ఎవరైతేనేం, నేను చూడక తప్పదు కదా."

మెట్ల మీద ఎనిమిదేళ్ల జోయెల్ మోకాళ్లు కావలించుకుని కూర్చుని ఉంది. ఆయన్ని చూడగానే గబుక్కున లేచింది. "అమ్మ గది చూపించనా సార్?"

"నీ పని నువ్వు చూసుకో. బస్సొచ్చే టైమవుతోంది" అని పెద్దమ్మ కసిరింది.

అయినా పిల్లే ముందు నడిచింది. గదిలో మంచం మీద దుప్పటి ఒక్క ముడత లేకుండా పరిచి ఉంది. అలమారలో ఒకే ఒక్క కోటు. దానికి షాపువాడి చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. ప్రోకాప్ చీటీని చూశాడు, ఓడెట్‌ని చూశాడు. ఓడెట్ కిటికీలోంచి ఆకాశాన్ని చూసింది.

అంతలో కాలింగ్ బెల్ మోగింది.

ప్రోకాపే వెళ్లి తలుపు తీశాడు. వృద్ధాశ్రమం యూనిఫాంలో డెల్ఫీన్, వంతెన మీద నుంచి కారు ఎంత వేగంగా తోలుకొచ్చిందో గానీ, ఆయాసపడుతూ నిలబడి ఉంది. జోయెల్ ఒక్క ఉరుకులో వెళ్లి తల్లి నడుం చుట్టేసుకుంది.

"సొంతింటికి బెల్ కొట్టి వస్తారా అమ్మా?"

"తాళంచెవి మర్చిపోతుంటుందండీ, చిన్నప్పట్నుంచీ అంతే!" అని వెనక నుంచి ఓడెట్ అందుకుంది.

"సరే. కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా?"

డెల్ఫీన్ వంటింట్లో ఒక అర తెరిచింది. పళ్లేలు. ఇంకో అర తెరిచింది. పప్పుల డబ్బాలు. మూడోదాని మీద చెయ్యి వేసేసరికి జోయెల్ అంది, "గ్లాసులు అందులో ఉండవమ్మా. సింకు పక్కన."

పిల్ల నోట్లో నువ్వుగింజ నానదంటే ఇదే. ఓడెట్ నెత్తి కొట్టుకుంది. ఇక దాచడానికేముందని డెల్ఫీన్ కుర్చీలో కూలబడిపోయింది.

"నేనిక్కడ ఉండట్లేదు సార్. ఇక్కడ అద్దె కట్టేంత జీతం నాది కాదు. సోమవారం తెచ్చి దింపుతాను, శుక్రవారం తీసుకెళ్తాను. అక్కడి బళ్లో ఒక్క ఏడాదిలో ముగ్గురు టీచర్లు మారారు. రెండో క్లాసుకొచ్చినా దీనికి చదవడం రాలేదు. ఇక్కడికొచ్చిన ఆర్నెల్లకి పుస్తకాలు దానంతటదే చదువుతోంది. ఇంక మీ దయ."

ముప్ఫై ఏళ్లు దొంగల్ని పట్టుకున్న ప్రోకాప్‌కి, పిల్ల బాగుపడాలని కళ్లనిండా నిద్రమత్తుతో ఏడుస్తున్న తల్లిని పట్టుకోవడానికి చేతులు రాలేదు. కాగితం టేబుల్ మీద పెట్టి, పైకి చదువుతూ మరీ రాశాడు.

"తల్లీ కూతురూ ఇక్కడే ఉంటున్నారు. ఫిర్యాదులో నిజం లేదు."

డెల్ఫీన్ ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"వృద్ధాశ్రమంలో అంతమంది ముసలాళ్లకి సేవ చేస్తున్నారు. ఒక ముసలాడు మీ కోసం ఒక్క అబద్ధం రాస్తే తప్పేం లేదు" అని నవ్వేసి, "ఆ కోటుకి చీటీ మాత్రం తీసెయ్యండమ్మా" అని ఓడెట్‌తో చెప్పి బయటికి నడిచాడు.

చాలా రోజుల తర్వాత ఆయన మనసు తేలిగ్గా ఉంది. కారు తలుపు తీస్తుంటే వెనక చిన్న అడుగుల చప్పుడైంది. థాంక్స్ చెప్పడానికొచ్చి ఉంటుందని నవ్వుతూ వంగాడు.

జోయెల్ కళ్లనిండా నీళ్లు.

"ఒక్క స్పెల్లింగ్ తప్పు లేకుండా అంతా నిజమే రాశాను కదా సార్... మరి నన్ను అమ్మ దగ్గరికి ఎందుకు పంపించరు?"