కరుణమ్మ కడుపులో చప్పుడు

హలో, అందరికీ వినపడుతోందాండీ? కాస్త భయపెట్టే కథ, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి.

రాజమండ్రిలో ఒక ఆస్పత్రి. అర్ధరాత్రి వార్డులో భార్య కరుణమ్మ మంచం పక్కన మోషే ఒక్కడే మేలుకుని ఉన్నాడు. ఆమెకు కడుపు ఉబ్బి వాంతులవుతుంటే, గ్యాసనుకుని ఇంట్లో ఆముదం పట్టించాడు. నొప్పి రెట్టింపయింది. స్కాన్ చూసిన డాక్టరు, ఎప్పుడో జరిగిన గర్భసంచి ఆపరేషన్ వల్ల పేగులు అతుక్కుని దారి మూసుకుపోయిందన్నారు. ముక్కులో గొట్టం వేశారు. నోటికి నీళ్లు కూడా వద్దన్నారు. తెల్లారేలోగా దారి పడకపోతే పొట్ట కొయ్యాలి.

సాయంత్రం నుంచి ఆ పొట్ట వానాకాలపు చేలో కప్పల్లా మోగుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆగింది. మోషే వంగి చెవి ఆనించాడు. ఖాళీ ఇంటి గోడకు చెవి పెట్టినట్టుంది.

"కరుణా..."

ఆమె కళ్లు తెరవలేదు. చెయ్యి చల్లగా తగిలింది.

అప్పుడు దుప్పటి కింద ఏదో కదిలింది. ఒక చప్పుడు సన్నని ఈలలా మొదలై, వార్డంతా ఉలిక్కిపడేలా ముగిసింది.

నర్సు పరుగెత్తుకొచ్చింది. "ఎవరు బాబాయ్ గారూ, మీరా?"

"నేను కాదమ్మా, ఒట్టు!"

"నేనేలెండి," కరుణమ్మ గొణిగింది. "ఆయనలా చెవి పెట్టి కూర్చుంటే సిగ్గేసి ఆపుకున్నా."

నర్సు పొట్ట నొక్కి చూసి నవ్వింది. "మెత్తబడిందండి. గ్యాస్ పోయిందంటే దారి పడుతున్నట్టే. డాక్టర్ గారికి ఫోన్ చేస్తా."

మోషే కళ్లు తుడుచుకున్నాడు. "ప్రభువుకి స్తోత్రం! ఇంకోటి వదలవే."

పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు మీకు తెలిసే ఉంటారు. కడుపుబ్బి, వాంతులై, గ్యాస్ కూడా పోకపోతే వెంటనే ఆస్పత్రికి పరిగెత్తమని చెప్పి, ఈ కథ వాళ్లకి పంపండి.