చెల్లి నోట రావాల్సిన మాట

బాత్రూమ్‌లోంచి ఏడుపు వినపడి పరుగెత్తాను. చెల్లి నిహిత బిక్కచచ్చి కూర్చునుంది. పుట్టగానే ప్రతి ఆడపిల్లకీ కట్టే చేతి బ్యాండ్ మాట్లాడుతోంది.

“శుభాకాంక్షలండీ! పెద్దమనిషి అయ్యారు. ఒక్క నిమిషంలో మీరు వద్దనకపోతే బంధువులందరికీ కబురు వెళ్తుంది.”

“వద్దు!” అన్నాను.

“ఇది అమ్మాయిగారి గొంతు కాదండీ.”

“రక్తం చూసి భయపడకే, నాకూ వచ్చింది. కానీ నీ ఒంటి సంగతి ఎవరికి చెప్పాలో నీ ఇష్టం. వద్దని చెప్పు!”

నిహిత మోకాళ్ళలో మొహం దాచుకుంది. నా వంతు వచ్చినప్పుడు నేనూ ఇలాగే వద్దనలేకపోయాను. మర్నాడే మావయ్య ఓణీ తెచ్చాడు. వీధి వీధంతా నన్ను చూడ్డానికొచ్చింది.

“పది సెకన్లండీ.”

చెల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “వ... వద్దు.”

“అలాగేనండీ. రేపు స్కూల్లో మళ్ళీ అడుగుతాను.”