తోలు తీశాక

చచ్చిన గొర్రెపిల్ల తోలు ఒలిచి, తల్లిలేని మరో పిల్లకు తొడిగింది జుమాగుల్. నిన్నటిదాకా ఆ అనాథ పిల్లను తన్ని తరిమిన, చచ్చిన పిల్ల తల్లి గొర్రె, ఇప్పుడు తన పిల్ల వాసన చూసి పాలిచ్చింది.

"పోల్చుకోలేకపోయింది, పిచ్చిది!" ఆడపడుచు తాజికాన్ నవ్వి, గుడారం గుమ్మంలో నిలబడ్డ చిన్నారి నుర్జాన్‌ని చూపించింది. "నువ్వూ అంతేగా వదినా? పోయిన కూతురి కోటు ఈ అనాథకి తొడిగి, నీ పిల్లే అనుకుంటున్నావు."

జుమాగుల్ చేతులు తుడుచుకుంది. నుర్జాన్ ఒంటి మీది కోటు విప్పి తాజికాన్ చేతిలో పెట్టింది. చలికి వణుకుతున్న పిల్లను తన కోటులోకి లాక్కుంది.

"గొర్రెకి తెలీదు. నాకు తెలుసు. ఇది నేను కన్నది కాదు. కన్నది మళ్లీ రాదు. ఇదిగో, తోలు తీసేశాను. ఇప్పుడు తన్ని తరిమేస్తానేమో చూడు!"