తిమ్మప్పకు తగిన చెరువు

"కూచోని ఎంతసేపైందప్పా?" అని అడిగింది కుళ్ళాయమ్మ.

పెనుకొండ చెరువు కట్ట మీద గాలం పట్టుకున్న ముసలాయన తల తిప్పాడు. పక్కన బక్కెట్లో నాలుగు జిలేబీ చేపలు తోకలాడిస్తున్నాయి.

"ఇప్పుడేమ్మా. ఈ బీడీ ముట్టించుకోని గాలం వేసినా. బీడీ ఇంకా ఆరిపోలేదు, నాలుగు పడినాయి."

ఆమె వెనకాలే నిలబడిన మొగుడు తిమ్మప్ప ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఈ చుట్టుపక్కల అద్దె ఇల్లు యాడ దొరుకుతుందని అడగబోతుంటే భార్య మోచెయ్యి పట్టి పక్కకు లాగింది.

"ఈ ఊరు వద్దయ్యా."

"ఏమ్మే? చేపలు ఇంత బాగా పడతాంటే!"

"బీడీ అయిపోయేలోపల పడే చేప కూడా ఒక చేపేనా? చీపురుపుల్ల వేసినా పడతాది. నీ మాదిరి పనిమంతునికి ఇది మర్యాదగా ఉంటాదా?"

తిమ్మప్ప ఆలోచనలో పడ్డాడు. జన్మలో ఒక్క చేపను కూడా పట్టి ఎరగడు గానీ, తనలో ఒక పనిమంతుడు దాగి ఉన్నాడన్న అనుమానం ఆయనకు చిన్నప్పటి నుంచీ ఉంది. భార్యకూ ఆ సంగతి తెలిసిపోయినందుకు సంతోషించాడు.

ముప్ఫై నాలుగేళ్ళు కదిరి బస్టాండులో కంట్రోలరుగా చేసి, ఏ బస్సు ఎన్నింటికి వచ్చిందో ఎన్నింటికి పోయిందో రాసుకుంటూ గడిపిన మనిషి తిమ్మప్ప. రిటైరయ్యాక రెండు నెలలు గడప దాటకుండా భార్యకు చేతనైన సాయం చేశాడు. కుక్కర్ విజిళ్ళకు టైము రాసిపెట్టాడు. వంటింట్లో డబ్బాలన్నీ అక్షర క్రమంలో సర్దాడు. కూరగాయలమ్మే ఆమె పది నిమిషాలు ఆలస్యంగా వస్తే గేటు దగ్గరే నిలబెట్టి సంజాయిషీ అడిగాడు.

మూడో నెల మొదట్లో కుళ్ళాయమ్మే ఆ మాట తెచ్చింది. "చేపలు పట్టాలని, వేటాడాలని నీకు చిన్నప్పటి నుంచీ ఆశ కదయ్యా. దానికి మంచి ఊరేదో చూసుకోని ఆడే కాపురం పెడదాం."

ముప్ఫై ఐదేళ్ళ సంసారంలో తిమ్మప్ప ఆశ గురించి ఆమె మాట్లాడటం అదే మొదటిసారి. చచ్చేలోపల సొంత చేతులతో ఒక్క చేపనైనా పట్టి ఆమె చేతిలో పెట్టాలని ఆ పూటే గట్టిగా అనుకున్నాడు.

పెనుకొండ తర్వాత ధర్మవరం పోయారు. అక్కడ మగ్గానికి సెలవిచ్చి చెరువు దగ్గర గాలం వేసుకున్న వీరేష్ అనే నేతగాడు దొరికాడు.

"గంటకొకటి పడతాదక్కా" అన్నాడు వీరేష్.

"గంటకేనా!" అని పెదవి విరిచింది కుళ్ళాయమ్మ.

"చేపలు వద్దంటే ఆ గుట్ట మీదికి పోండి. కుందేళ్ళు, కౌజులు కాళ్ళకు అడ్డం పడతాయి. కాకపోతే ఫారెస్టోళ్ళు పట్టుకుంటే జైలే."

"జైలంటే ఎన్ని దినాలప్పా?"

"దినాలా? ఏండ్లక్కా, ఏండ్లు!"

కుళ్ళాయమ్మ ఆ గుట్ట వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. తిమ్మప్ప గుండె కరిగి నీరైంది. తనకేమవుతుందోనని ఈమెకు ఎంత బెంగ!

"భయపడొద్దులేమ్మే. కుందేళ్ళ జోలికి పోను. చేపలతోనే సరిపెట్టుకుంటా" అన్నాడు.

"అంతేలే" అని ఆమె నిట్టూర్చింది. "జైల్లో సంగటి పెడతారో లేదో."

ఇక మిగిలింది హిందూపురం వైపు. ఊరు దాటి అగళి దారిలో కొంత దూరం పోయాక ఒక చెరువు కనిపించింది. కట్ట మీద తువ్వాల పరుచుకుని అశోక్ అనే ఆయన గాలం వేసుకుని కూర్చున్నాడు. పక్కన ఖాళీ బక్కెట్టు.

"ఎప్పుడొచ్చినావప్పా?" అంది కుళ్ళాయమ్మ.

"ఈపొద్దయితే తెల్లారి ఆరింటికక్కా. మొత్తానికైతే పోయిన ఉగాది నుంచి వస్తాండా."

"ఒకటీ పడలే?"

"మా నాయనకూ పడలే."

"మరి ఎందుకు కూచుంటాండావు?"

"ఈపొద్దు పడొచ్చు కదక్కా."

కుళ్ళాయమ్మ అక్కడే చతికిలబడి ఆరాలు మొదలుపెట్టింది. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోతావా అంటే సద్ది తెచ్చుకుంటానన్నాడు అశోక్. నిద్రొస్తే కట్ట మీదే పడుకుంటానన్నాడు. వానొస్తే గొడుగుందన్నాడు.

"పొద్దుగూకేదాకా ఉంటావా?"

"అసలు పొద్దుగూకినాకే పడతాయంటారక్కా."

ఆమె లేచి చీరకంటిన దుమ్ము దులుపుకుంది. "ఇదే మన ఊరయ్యా" అంది.

"ఏమ్మే, ఈడ చేపలే పడవంటాండాడే!"

"పడవంటే అవి బుర్రుండే చేపలు. ఎవురికీ చిక్కని చేప నీకు చిక్కాల. అప్పుడు కదా పేరు!"

"లోపల పెద్ద కొరమీను ఒకటి ఉండాదంటన్నా" అని అశోక్ కూడా వంత పాడాడు. "ఇంతవరకూ ఎవురూ చూళ్ళేదు."

తిమ్మప్ప ఛాతీ పొంగింది. వారం తిరగకుండా ఆ ఊళ్ళో ఇల్లు తీసుకుని దిగిపోయారు.

రోజూ ఆరింటికల్లా కుళ్ళాయమ్మ క్యారియరు కట్టి, గొడుగు చేతికిచ్చి, వీధి మలుపు దాకా వచ్చి సాగనంపేది. చీకటి పడ్డాక ఆయన తల వేలాడేసుకుని ఖాళీ చేతులతో వచ్చేవాడు. "రేపు పడతాదిలే" అని వేడినీళ్ళు తోడి పెట్టేది. ఒక్క విసుగు లేదు, ఒక్క ఎత్తిపొడుపు లేదు. ఈ మనిషి చేతిలో చేప పెట్టకుండా చస్తే తన కట్టె కూడా కాలదనుకునేవాడు తిమ్మప్ప.

అట్లా ఇరవై రోజులయ్యాయి. ఇరవై ఒకటో రోజు సగం దారిలో ఎరల డబ్బా మరిచిపోయిన సంగతి గుర్తొచ్చి వెనక్కు వచ్చాడు. లోపల కుళ్ళాయమ్మ ఫోను స్పీకర్లో పెట్టి చెల్లెలు సుధతో మాట్లాడుతోంది.

"పాపం బావ! ఇన్ని దినాల నుంచి ఎండకు ఎండుతాండాడు. ఒక్క చేపన్నా పడాలని నరసింహస్వామికి మొక్కుకుంటానక్కా" అంటోంది సుధ.

గడప దగ్గర తిమ్మప్ప కళ్ళు తుడుచుకున్నాడు. మరదలికి కూడా తనంటే ఎంత అభిమానం!

"అంత పని చెయ్యొద్దే తల్లీ!" అని కేక పెట్టింది కుళ్ళాయమ్మ.

"చేప పడితే ఇంటికొచ్చేస్తాడు!"